బదరీనాథ్ నుంచి తిరిగొస్తూ, కనక్‌చౌరీలో ఒక రాత్రి

ప్రశ్న: దసరా వెళ్ళిన వారానికి మేం ముగ్గురం కేదార్‌నాథ్, బదరీనాథ్ వెళ్తున్నాం. నాకు 54, మావారికి 59, మా అబ్బాయికి 25. హరిద్వార్ నుంచి కారు మాట్లాడుకున్నాం. అన్నీ అయ్యాక తిరుగు రైలుకి ముందు ఒకటిన్నర రోజు మిగులుతోంది. ఆ కాస్త సమయంలో జనం లేని చోట, కొండ మీద కొంచెం దూరం నడవాలని నా కోరిక. గుళ్ళ దగ్గర క్యూలు, రోడ్ల మీద హారన్లు ఎలాగూ తప్పవు. ఒక్క పూటైనా గాలి చప్పుడు తప్ప ఇంకేమీ వినపడని చోట కూర్చోవాలని ఉంది. మా అబ్బాయేమో చోప్తా నుంచి చంద్రశిల ఎక్కుదామంటాడు. తెలిసినవాళ్ళు దేవరియాతాల్ బాగుంటుందన్నారు. నాకు మెట్లు దిగేటప్పుడు మోకాళ్ళు నొప్పి పెడతాయి. మావారు బీపీకి మాత్రలు వేసుకుంటున్నారు. ఏది ఎంచుకోమంటారు?
— ఓ పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: నమస్కారం అమ్మా. ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. మీరు చెప్పిన రెండూ వద్దు. బదరీనాథ్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు రుద్రప్రయాగ దగ్గర పక్కకి తిరిగి కనక్‌చౌరీ అనే ఊళ్ళో ఒక రాత్రి ఉండండి. మర్నాడు తెల్లవారగానే అక్కణ్ణుంచి మూడు కిలోమీటర్లు నడిచి కార్తీక్ స్వామి గుడికి వెళ్ళండి. మన కుమారస్వామే. గుడి దాదాపు 3,050 మీటర్ల ఎత్తున ఉంది, అంటే పదివేల అడుగులు. మీ ఉత్తరం చదువుతుండగానే నాకు ఆ కొండే గుర్తొచ్చింది.

ఇలాంటి ప్రశ్న అడిగేవాళ్ళు చాలామంది ఏ కొండ అందంగా ఉంటుందని చూస్తారు. ఆ హిమాలయాల్లో అందంగా లేని కొండ ఎక్కడుంది? నేనైతే ఆ నడక ప్రయాణంలో ఎన్నో రోజున పడుతుందో ముందు చూస్తాను. మీకు మిగిలిన ఒకటిన్నర రోజు నిజానికి ఖాళీ సమయం కాదు. ఆ కొండదారుల్లో అది మీకు అక్కరకొచ్చే నిలవ. అక్టోబరులో ఆకాశం తేటగా ఉంటుందన్న మాట చాలావరకు నిజమే. అయినా 2021లో అక్టోబరు 17 నుంచి 19 వరకు ఉత్తరాఖండ్‌లో కుండపోతగా కురిసి దారులు తెగిపోయాయి. వాన లేకపోయినా జోషీమఠ్ దారిలో కొండచరియ జారితే నాలుగైదు గంటలు బండి కదలదు. ఆ నిలవని మధ్యలోనే చోప్తాలోనో, దేవరియాతాల్ దారి మొదలయ్యే సారీ ఊళ్ళోనో ఖర్చు పెట్టేశారనుకోండి, తర్వాత ఎక్కడ ఆలస్యమైనా బదరీనాథ్ దర్శనానికో రైలుకో ఎసరొస్తుంది. అదే నడకని చివరికి పెట్టుకుంటే, దారిలో ఏం జరిగినా పోయేది నడక ఒక్కటే. కష్టంగానే ఉంటుంది, కానీ స్వామి దర్శనం, రైలు రెండూ నిలుస్తాయి.

చివరికి పెట్టుకోవడంలో ఇంకో లాభం ఉంది, మీవారికి బీపీ అన్నారు కాబట్టి ఇది ముఖ్యం. 3,000 మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి మన రాజమండ్రిలో ఉన్నదాంట్లో దాదాపు 70 శాతమే. మైదానం నుంచి తిన్నగా అక్కడికి చేరినవాళ్ళకి తలనొప్పి, కడుపులో వికారం రావడం మామూలు. మీరు కనక్‌చౌరీకి వచ్చేసరికి 3,583 మీటర్ల కేదార్‌నాథ్ చూసి, 3,100 మీటర్ల బదరీనాథ్‌లో రాత్రి నిద్రపోయి ఉంటారు. కార్తీక్ స్వామి ఎత్తు మీ ఒంటికి అప్పటికే తెలిసిన ఎత్తు.

ఇక మీ అబ్బాయి మాట. చంద్రశిలని తక్కువ చేసి చెప్పను. చోప్తా నుంచి మూడున్నర కిలోమీటర్లు పలకరాళ్ళు పరిచిన దారిలో ఎక్కితే తుంగనాథ్. పంచకేదారాల్లో మూడోది, శివాలయాల్లోకెల్లా ఎత్తున ఉన్నదని పేరు. ఆ పైన కిలోమీటరు, కిలోమీటరున్నర నిటారుగా ఎక్కితే చంద్రశిల. పైనుంచి కనిపించేదాన్ని మాటల్లో పెట్టలేను. కానీ మీరడిగింది నిశ్శబ్దం. నేను మొదటిసారి వెళ్ళింది వరసగా మూడు సెలవులు కలిసొచ్చిన వారాంతంలో. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి తలెత్తి చూస్తే కొండ పొడవునా టార్చి దీపాలు, చీమలబారులాగా. పైన కూర్చోవడానికి రాయి దొరకలేదు. సూర్యుడు వచ్చే ఆ రెండు నిమిషాలూ పక్కన ఎవరో స్పీకర్లో పాట పెట్టారు, నెత్తిమీద డ్రోను రొద. కిందికి దిగుతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. అంత దూరం వెళ్ళి ఆ కొండని అసలు చూడలేదనిపించింది. దసరా సెలవులకి బెంగాలీ కుటుంబాలు పెద్ద ఎత్తున ఆ వైపు వస్తాయి, ఢిల్లీ కుర్రాళ్ళు ప్రతి శనివారం వస్తారు. మీరు వెళ్ళేది సరిగ్గా ఆ రోజుల్లోనే.

అయితే అబ్బాయి కోరికని పూర్తిగా పక్కన పెట్టొద్దు. కేదార్‌నాథ్ నుంచి బదరీనాథ్‌కి వెళ్ళే దారులు రెండు. ఒకటి కిందికి రుద్రప్రయాగ దాకా దిగి పెద్ద రోడ్డు పట్టుకునేది. రెండోది కుండ్ దగ్గర తిరిగి ఉఖీమఠ్, చోప్తా, గోపేశ్వర్ మీదుగా చమోలీలో కలిసేది. రెండో దారిలోనే వెళ్దామని డ్రైవరుకి ముందే చెప్పండి. అడవిలోంచి వెళ్ళే ఆ రోడ్డే ఒక యాత్ర. ఆ రాత్రి ఉఖీమఠ్‌లోనో చోప్తా చుట్టుపక్కలో ఉంటే, అబ్బాయి తెల్లవారుజామున తను ఒక్కడే చకచకా తుంగనాథ్ దాకా వెళ్ళి పది, పదకొండు గంటలకల్లా దిగొస్తాడు. పాతికేళ్ళ కాళ్ళకి అదేం పెద్ద పని కాదు. అప్పటిదాకా మీ ఇద్దరూ ఆ పచ్చికలో ఎండకి కూర్చోండి. కేదార్‌నాథ్ నడక తర్వాత మీకు కావలసిందీ అదే.

దేవరియాతాల్ గురించి మీవాళ్ళు చెప్పింది అబద్ధం కాదు. సారీ అనే ఊరి నుంచి రెండున్నర కిలోమీటర్లు ఎక్కితే, 2,400 మీటర్ల ఎత్తున అడవి మధ్య చిన్న చెరువు. గాలి లేని పొద్దున 7,138 మీటర్ల చౌఖంబా శిఖరం తలకిందులుగా నీళ్ళలో కనిపిస్తుంది. యక్షుడు ధర్మరాజుని ప్రశ్నలడిగింది ఇక్కడేనని అక్కడివాళ్ళ నమ్మకం. నాకు చాలా ఇష్టమైన చోటు. అయినా మీకు వద్దంటున్నాను. దారి పొడవునా ఎగుడుదిగుడు రాళ్ళు, మొదటి నుంచి చివరి దాకా ఒకటే ఎక్కుడు, దిగేటప్పుడు ఒకటే దిగుడు. గౌరీకుండ్ నుంచి కేదార్‌నాథ్‌కి పదహారు కిలోమీటర్లు వెళ్ళి అంతా దిగొచ్చిన మోకాళ్ళకి రెండు రోజుల్లోనే మళ్ళీ అలాంటి దిగుడు పెట్టడం న్యాయం కాదు. ఒకవేళ వాతావరణం బాగోక కేదార్‌నాథ్ మానుకోవలసి వస్తే అప్పుడు మాత్రం మొహమాటపడకుండా సారీకి వెళ్ళిపోండి. బదరీనాథ్ పక్క మాణా నుంచి వసుధార జలపాతం కూడా ఉంది కానీ, రానూ పోనూ పది కిలోమీటర్లు దాటే ఎదురుగాలి దారి అది. మీకు సరిపడదు.

ఇప్పుడు కార్తీక్ స్వామి.

మన శ్రీశైలం కథ మీకు తెలిసే ఉంటుంది. గణాధిపత్యం కోసం అన్నదమ్ములకి పందెం పెడితే వినాయకుడు తల్లిదండ్రుల చుట్టూ ప్రదక్షిణ చేసి గెలిచాడు. కుమారస్వామి అలిగి క్రౌంచ పర్వతానికి వెళ్ళిపోయాడు. బిడ్డ మీద బెంగతో వెనకే వచ్చిన ఆదిదంపతులు మల్లికార్జునుడు, భ్రమరాంబగా మన నల్లమలలో ఉండిపోయారు. ఈ కేదార్, బదరీ కొండల ప్రాంతమైన గఢ్వాల్‌లో అదే కథని ఇంకోలా చెబుతారు. ఆ క్రౌంచ పర్వతం తమదేనంటారు. అలిగిన కొడుకు ఒంట్లోని మాంసం తల్లికి, ఎముకలు తండ్రికి ఇచ్చేసి ఈ కొండమీద తపస్సుకి కూర్చున్నాడట. శ్రీశైలం వెళ్ళిన ప్రతిసారీ నాకు ఆ కొడుకు ఎక్కడికి వెళ్ళాడో అనిపించేది. కనక్‌చౌరీ నుంచి నడిచిన రోజున ఆ కథకి రెండో కొస చేతికి దొరికినట్టయింది.

నడక గురించి చెప్పాలంటే, ఊళ్ళో రోడ్డు పక్కనే దారి మొదలవుతుంది. మొదటి అరగంట ఒళ్ళు వేడెక్కేదాకా కాస్త ఆయాసం. తర్వాత అడవి. సింధూరం (ఓక్) చెట్ల జాతికి చెందిన బాంజ్, ఎర్రగా పూసే బురాంశ్. ఈ పూలు మార్చి, ఏప్రిల్ నెలల్లో వస్తాయి, అక్టోబరులో మీకు ఆకులే దొరుకుతాయి. దారి ఎక్కువ భాగం వాలుగా సాగుతుంది, మెట్లు అసలు ఉన్నవి చివర్లోనే. కొంతసేపటికి చెట్లు పలచబడి మీరు కొండ వెన్ను మీదికి వస్తారు. అక్కడ ఒక్కసారి ఆగండి. రెండు వైపులా లోయలే. పొద్దున్నే వెళ్తే ఆ లోయల నిండా మబ్బు, పాలు పొంగి గిన్నె అంచుదాకా వచ్చి ఆగినట్టు. ఎదురుగా చౌఖంబా నాలుగు స్తంభాలూ, కుడివైపుకి దూరంగా త్రిశూల్. వెన్ను చివర గుడి, చాలా చిన్నది. దాని చుట్టూ వందలకొద్దీ గంటలు. మొక్కు తీరినవాళ్ళు కట్టి వెళ్తారు. అరచేతిలో పట్టేవి కొన్ని, రెండు చేతులా ఎత్తాల్సినవి కొన్ని, ఎర్రగుడ్డ పీలికలు చుట్టినవి, వానకి నల్లబడినవి. గాలి చప్పుడు తప్ప ఇంకేమీ వద్దన్నారు కదా, ఇక్కడ గాలి వచ్చినప్పుడల్లా చిన్న గంటల నాలుకలు కదులుతాయి. పెద్దవి కదలవు. మేం వెళ్ళిన పొద్దున పూజారిగారు, మేం తప్ప మనిషి లేడు. ఆయన తాళం తీసి, దీపం పెట్టి, మాతో ఒక్క మాట కూడా మాట్లాడకుండా గోడకి ఆనుకుని కూర్చున్నారు. గంటసేపు అలాగే ఉన్నాం.

ఆ నిశ్శబ్దం ఎప్పుడూ ఉంటుందని మాటివ్వలేను. ఈ మధ్య ఫొటోలు చూసి వచ్చేవాళ్ళు పెరిగారు. జూన్‌లో యజ్ఞానికి, కార్తీక పున్నమికి జనం బాగా వస్తారు. ఆదివారాలు పది గంటల తర్వాత మోటారుసైకిళ్ళు వస్తాయి. మీ రోజులు ఈ పండగల మధ్యలో పడవు కాబట్టి ఒక్క ఆదివారం మాత్రం తప్పించుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, రుద్రప్రయాగలో పడుకుని పొద్దున్నే కారులో వస్తామని అనుకోవద్దు. అలా వచ్చేవాళ్ళంతా తొమ్మిదిన్నర, పదింటికి చేరతారు, మబ్బులు కొండల మీదికి పాకేదీ ఆ వేళకే. రాత్రి కొండ అడుగునే పడుకున్నవాళ్ళకి ఆ ముందు రెండు గంటలూ సొంతం. కనక్‌చౌరీలో చిన్న చిన్న హోంస్టేలు, లాడ్జీలు ఉన్నాయి. వేడినీళ్ళు బకెట్‌తో తెచ్చిస్తారు, అంతకన్నా సౌకర్యం ఆశించొద్దు.

చాలామంది సూర్యోదయం పైనే చూడాలని చీకట్లో బయల్దేరతారు. మీరు ఆ పని చేయకండి. చిరుతలు, ఎలుగుబంట్లు తిరిగే అడవులు అవి. ఎనిమిదేళ్ళలో 125 మందిని పొట్టనపెట్టుకున్న చిరుతని 1926లో వేటగాడు జిమ్ కార్బెట్ కాల్చింది ఈ రుద్రప్రయాగ దగ్గరే. అది వందేళ్ళ కిందటి మాట, మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. చీకట్లో రాయి కనపడక మోకాలు మెలిపడుతుందన్నదే నా అసలు భయం. ఆ రోజుల్లో ఆరూ ఇరవై ప్రాంతంలో సూర్యుడు వస్తాడు. అయిదున్నరకి టీ తాగి, దారి కనపడే వెలుగు రాగానే కదలండి. మీ నడకకి గంటన్నర, రెండు గంటలు. ఎనిమిది లోపు పైన ఉంటారు. మంచుకొండలు అప్పటికీ తేటగానే ఉంటాయి.

మోకాళ్ళ గురించి ఇంకాస్త చెప్పనివ్వండి. మా అక్కదీ ఇదే బాధ కాబట్టి నాకు బాగా తెలుసు. ఎక్కగలనా అని అందరూ ఆలోచిస్తారు, దిగడం సంగతి ఎవరూ ఆలోచించరు. మీకు అన్నవరం దగ్గరే కదా, బయల్దేరేలోపు మూడు నాలుగు వారాలు వారానికోసారి వెళ్ళి మెట్లమీద ఎక్కి, మెట్లమీదే దిగండి. దిగేటప్పుడు నొప్పి ఎక్కడ మొదలవుతుందో, మర్నాటికి తగ్గుతుందో లేదో చూసుకోండి. మర్నాటికీ వాపు ఉంటే ఎముకల డాక్టర్ని కలవకుండా బయల్దేరొద్దు. కొండమీద రెండు చేతికర్రలు ఉండాలి, ఒకటి చాలదు. దిగేటప్పుడు ముందు కర్రలు కింద ఆనించి, వాటి మీద బరువు వేసి, ఎక్కువ నొప్పి పెట్టే కాలు ముందు దించాలి. మంచి కాలు దాని వెనక. పెద్ద రాయి కనిపిస్తే ఒక్క అంగలో దిగకుండా పక్కనుంచి తిరిగి రండి. బూట్లు కొత్తవి వద్దు, కనీసం నెలరోజులు తొడిగినవి కావాలి. ఇంకొకటి, చిన్న విషయమే కానీ ఎవరూ చెప్పరు. బయల్దేరే ముందు కాలిగోళ్ళు పొట్టిగా కత్తిరించుకోండి. దిగుడులో వేళ్ళు బూటు ముందుభాగానికి తగిలి తగిలి గోరు నల్లబడుతుంది. మా అక్కకి మోకాలి నొప్పి రెండు రోజుల్లో పోయింది, బొటనవేలి గోరు మాత్రం నెలలపాటు బాధపెట్టింది.

మీవారిని బయల్దేరే ముందు డాక్టరుకి చూపించి, వెళ్ళే ఎత్తులు చెప్పి, మాత్రల సంగతి అడగండి. ఎత్తుకి పనికొస్తుందని ఎవరో చెప్పిన మాత్ర సొంతంగా వేసుకోనివ్వద్దు. రోజూ వేసుకునే మాత్రలు డిక్కీలో పెట్టెలో కాకుండా చేతిసంచీలో ఉండాలి. కేదార్‌నాథ్‌లో తల పగిలిపోయేలా నొప్పి, వాంతులు గనక వస్తే ఓర్చుకుందామని అక్కడే పడుకోవద్దు, కిందికి దిగడమే మందు. అలా జరిగితే తర్వాత ఈ నడక కూడా ఆయనకి వద్దు. హోంస్టేలో ఎండలో కూర్చుంటారు, మీరూ అబ్బాయీ వెళ్ళి రండి.

కారు సంగతి ఇప్పుడే తేల్చుకోండి. మీరు మాట్లాడుకున్న దారిలో కనక్‌చౌరీ ఉండదు. రుద్రప్రయాగ నుంచి పోఖ్రీ రోడ్డులో నలభై కిలోమీటర్లు లోపలికి, మళ్ళీ నలభై వెనక్కి. అక్కడికి వెళ్ళాక అడిగితే గొడవ అవుతుంది, డబ్బూ ఎక్కువ అడుగుతారు. బయల్దేరకముందే ఊరి పేరు, రాత్రి బస, చోప్తా దారి, మూడూ వాట్సాప్‌లో రాయించుకోండి. బదరీనాథ్‌లో పొద్దున ఆరింటికి కదిలితే మూడు, నాలుగు గంటలకి కనక్‌చౌరీ చేరతారు. కర్ణప్రయాగ నుంచి పోఖ్రీ మీదుగా కూడా దారి ఉంది, ఆ రోజు ఏది బాగుందో డ్రైవరుకే వదిలేయండి. కొండల్లో చీకటిపడ్డాక బండి నడపమని మాత్రం ఎంత ఆలస్యమైనా అతన్ని అడగొద్దు. చిల్లర నోట్లు దగ్గరుంచుకోండి, సిగ్నల్ లేక ఫోన్ చెల్లింపులు ఆగిపోతుంటాయి.

చేరిన సాయంత్రం కొండ ఎక్కకుండా ఊళ్ళోనే కాస్త నడిచి, రాత్రికి గహత్ పప్పు వండమని ముందే చెప్పండి. గహత్ అంటే మన ఉలవలే. దాంతోపాటు మండువా రొట్టె పెడతారు, అవి మీ గోదావరి వైపు చోళ్ళు. అడిగితే ఝంగోరా పాయసం చేస్తారు, అవి ఊదలు. రాజమండ్రి నుంచి అంత దూరం వెళ్ళి చోడిరొట్టె, ఉలవపప్పు తింటుంటే ఆ ఇల్లాలిని వదిన అని పిలవాలనిపిస్తుంది. చలి బాగా ఉంటుంది, రజాయి రెండోది కూడా అడిగి తీసుకోండి.

పైన తొమ్మిదిన్నర దాకా కూర్చోండి. తెచ్చుకున్న బిస్కెట్ల కాగితాలు సంచీలోనే వేసుకుని కిందికి తేండి, అక్కడ చెత్త తీసే బండి రాదు. పదకొండున్నరకల్లా కారెక్కితే రాత్రికి ముందే ఋషీకేశ్. మర్నాడు పొద్దుటి సగం రోజు ఇంకా మీ చేతిలోనే ఉంటుంది, దాన్ని దేనికీ పెట్టుకోకండి. రైలు అందుకోవడానికే ఉంచండి.